మధ్యయుగం యెప్పుడు ముగిసింది? బార్కస్ వేస్తున్న ప్రశ్న

మన విశ్వవిద్యాలయాల్లో మధ్యయుగం అనేది ఒక పేపరు. దానికి ఒక మొదలు వున్నది, ఒక తుది వున్నది, నడుమ రాజుల పట్టిక వున్నది. ఒక రాజు చస్తేగాని, ఒక కోట కూలితేగాని, ఒక యుద్ధంలో ఒకడు గెలిచి మరొకడు వోడితేగాని అక్కడ యుగం మారదు. దున్నేవాడి బతుకు మారిందా లేదా అనే విచారణ ఆ పేపరులో లేదు. యీ పద్ధతి అసంపూర్ణమైనదని చాలామంది యిదివరకే చెప్పారు. అసంపూర్ణం మాత్రమే కాదు, ప్రమాదకరం కూడానని నేను చెప్పదలచుకున్నాను. అందుకు నేను సాక్ష్యానికి పిలుస్తున్నది యే కోటనూ కాదు, యే శాసనాన్నీ కాదు. హైదరాబాదు పాతబస్తీకి దక్షిణపు కొసన, చాంద్రాయణగుట్ట దాటగానే వచ్చే బార్కస్ పేటను.

ముందుగా యీ హద్దురాళ్ళ సంగతి చూద్దాం. హారూన్ ఖాన్ షేర్వాణీ, పి. ఎం. జోషీ సంపాదకులుగా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1973–74లో వెలువరించిన మధ్యయుగ దక్కన్ చరిత్ర రెండు సంపుటాలు. అది 1295లో మొదలై 1724లో ఆగుతుంది. ఆ గ్రంథం విలువను నేను తక్కువ చేయడం లేదు. బహమనీల మీద, కుతుబ్‌షాహీల మీద షేర్వాణీ జీవితమంతా చేసిన కృషి లేకపోతే యివాళ యీ విషయం మాట్లాడటానికి మనకు కాళ్ళ కింద నేల వుండేది కాదు. నా పేచీ ఆయనతో కాదు, ఆయన తర్వాత వచ్చి ఆ 1724ను వేదవాక్యం చేసుకున్నవారితో. 1724లో నిజాముల్ ముల్క్ షకర్‌ఖేడా దగ్గర యుద్ధం గెలిచి దక్కన్‌లో తన రాజ్యం తాను పెట్టుకున్నాడు. మంచిది. ఆ మరుసటి యేడాది నల్లగొండ రైతు కట్టవలసిన శిస్తులో యేం మారింది? జాగీరు పోయిందా? వెట్టి పోయిందా? శిస్తు వసూలును వేలంపాటలో పెట్టే ఆచారం పోయిందా?

పోలేదు సరిగదా, ముదిరింది. మొగలుల హయాములో జాగీరు బదిలీ అయ్యేది. జాగీర్దారు యివాళ యిక్కడ, రేపు మరోచోట. అసఫ్‌జాహీల హయాములో జాగీరు తండ్రినుంచి కొడుక్కి, కొడుకునుంచి మనుమడికి సంక్రమించే ఆస్తిగా స్థిరపడింది. అంటే మధ్యయుగం ముగిసిందని పండితులు పీట వేసి కూర్చోబెట్టిన చోటనే భూస్వామ్యం గట్టిపడింది! నిజాం రాష్ట్రం అంతరించేనాటికి సుమారు 30 శాతం భూమి జాగీర్ల కిందా, 10 శాతం నిజాము సొంత ఖర్చులకోసం సర్ఫెఖాస్ కిందా వున్నది. జాగీర్ల రద్దు చట్టం వచ్చినది 1949 ఆగస్టు 15న. తెలంగాణ రైతుకు మధ్యయుగం యెప్పుడు ముగిసిందని అడిగితే, 1724 అని జవాబు చెప్పేవాడు ఆ రైతు పొలంగట్టు మీద యెన్నడూ నిలబడనివాడు.

యిక బార్కస్. బ్యారక్స్ అనే యింగ్లీషు మాట వుర్దూ నోళ్ళలోనూ తెలుగు నోళ్ళలోనూ నలిగి బార్కస్ అయింది. నిజాము సైన్యంలోని అరబ్బు సిపాయిల బారకాసులు యిక్కడ వుండేవి. వారిలో అత్యధికులు దక్షిణ అరేబియాలోని హద్రమౌత్ లోయలనుంచి వచ్చినవారు. వానలు లేని నేల, కరువులు, తెగల కొట్లాటలు. అక్కడ బతకలేక ఓడలెక్కారు. కొందరు జావాకు పోయారు, కొందరు తూర్పు ఆఫ్రికాకు పోయారు, కొందరు దక్కన్ దారి పట్టారు. యివాళ బార్కస్‌కు కెమెరాలు పట్టుకుని వచ్చేవారికి కావలసింది తెల్లవారుజామున దొరికే హరీస్, సంతలో దొరికే లుంగీలు, జామపళ్ళు, పెళ్ళి వూరేగింపులో మర్ఫా డప్పు. తిండి మంచిదే, డప్పు మంచిదే. కాని ఆ సిపాయికి జీతం యెక్కడినుంచి వచ్చింది అనే ప్రశ్న ఒక్క కెమెరా అడగదు. అది అడగవలసిన విశ్వవిద్యాలయమూ అడగలేదు.

ఆ ప్రశ్నకు జవాబు తెలంగాణ పల్లెల్లో వున్నది. ప్రభుత్వం సిపాయికి నేరుగా జీతం యిచ్చేది కాదు. జమాదారుకు మొత్తంగా ముట్టజెప్పేది. జమాదారు తన మనుషులకు యిచ్చినంత యిచ్చి మిగిలింది తాను వుంచుకునేవాడు. ప్రభుత్వం దగ్గర డబ్బు లేనప్పుడు అదే జమాదారు ప్రభుత్వానికి అప్పుపెట్టేవాడు. ఆ అప్పుకు తాకట్టు యేమిటి? తాలూకాలు. 1853లో మొదటి సాలార్ జంగ్ దివాను అయ్యేనాటికి తాలూకాలకు తాలూకాలే అరబ్బు జమాదార్లకూ పఠాను జమాదార్లకూ తాకట్టులో వున్నాయి. వాటిని విడిపించడం, బాకీదార్లను జమాదార్లు తమ యిళ్ళలోనే బంధించే దౌర్జన్యాన్ని అణచడం ఆయన మొదట తలకెత్తుకున్న పనులు. ఒక్కమాటలో చెప్పాలంటే జొన్నకంకి తెలంగాణ రైతుది, కత్తి హద్రమౌత్ పేదవాడిది, వడ్డీ జమాదారుది.

ఆ వడ్డీ యెంతదూరం పోయిందో చూడండి. హైదరాబాదులో జమాదారుగా స్థిరపడిన ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ, అతని కొడుకులూ యిక్కడ కూడబెట్టిన ధనంతో హద్రమౌత్‌లో కోటలు కొన్నారు, మనుషులను కొన్నారు, తుపాకులు కొన్నారు. 1858లో షిబామ్ పట్టణం వారి వశమైంది, 1881లో ముకల్లా రేవు వశమైంది. ఆ ఖుఐతీ సుల్తానుల రాజ్యం 1967 దాకా నిలిచింది. హైదరాబాదు జమాదారీ, అరేబియా సుల్తానీ ఒకే కుటుంబంలో తరాలపాటు సాగాయి. మన రైతు కట్టిన శిస్తు సముద్రం దాటి ఒక రాజ్యానికి పునాదిరాయి అయింది! యింతటి విషయం మన మధ్యయుగ విభాగాల కంట పడలేదంటే దాన్ని కంటిజబ్బు అనుకోవడం పొరపాటు. యెటు చూడాలో, యెటు చూడగూడదో ముందే నిర్ణయించుకున్న చూపు అది.

యీ నిర్ణయం యెలా పనిచేస్తుందో నేను స్వయంగా చూశాను. కొన్నేళ్ళ కిందట ఒక విశ్వవిద్యాలయంలో మధ్యయుగ దక్కన్ మీద సదస్సు జరిగింది. అరబ్బు జమాదార్ల అప్పుపత్రాల మీద పరిశోధన చేయాలని వుబలాటపడుతున్న విద్యార్థి ఒకడు నాకు తెలుసు. అతని తరఫున నేను అక్కడ మాట్లాడాను. ‘యిది మధ్యయుగం కిందికి రాదండీ, కాలం దాటిపోయింది’ అన్నారు అధ్యక్షస్థానంలో వున్న ఆచార్యులు. సరేనని ఆధునిక చరిత్ర చెప్పే మరొకరిని అడిగాము. ‘జాగీర్లూ జమాదార్లూ అంటున్నారు, యిది మధ్యయుగపు విషయంలాగా వున్నదే! మేము జాతీయోద్యమం చేయిస్తాము’ అన్నారు ఆయన. రెండు గదుల నడుమ వసారాలో నిలబడిపోయాడు ఆ కుర్రవాడు. చివరకు ఒక రాజవంశపు దేవాలయ నిర్మాణాల మీద పని తీసుకుని పట్టా పుచ్చుకున్నాడు. అతణ్ణి నేను తప్పుపట్టను. బార్కస్ అంతా యిప్పటికీ ఆ వసారాలోనే నిలబడి వున్నది. అదీ నా ఫిర్యాదు.

మనం రాయని చరిత్రను యితరులు రాశారు. హైదరాబాదులో పుట్టి అమెరికాలో పనిచేసిన ఒమర్ ఖాలిదీ భారతదేశంలో హద్రమీల పాత్ర మీద రాసిన వ్యాసం 1997లో లైడెన్‌లో అచ్చయిన సంకలనంలో వున్నది. హద్రమౌత్‌లో రాజ్యాలు యెలా యేర్పడ్డాయో జర్మన్ చరిత్రకారిణి ఉల్రికే ఫ్రైటాగ్ రాశారు. 1948 తర్వాత హైదరాబాదు ముస్లిములకూ అరబ్బులకూ పౌరసత్వం విషయంలో యేం జరిగిందో టేలర్ షెర్మన్ రాసిన పుస్తకం 2015లో కేంబ్రిడ్జిలో అచ్చయింది. మంచి పని యెవరు చేసినా మంచిదే. కాని చాంద్రాయణగుట్ట అవతల వున్న పేటను తెలుసుకోవడానికి లైడెన్ మీదుగా, కేంబ్రిడ్జి మీదుగా పోవలసి రావడం మన విద్యాసంస్థలకు గౌరవమా?

‘మాకు ఆధారాలు లేవు’ అనే మాట యిక్కడ చెల్లదు. తార్నాకలోని రాష్ట్ర ప్రాచీన పత్రాగారంలో షాజహాన్, ఔరంగజేబుల కాలంనాటి దక్కన్ పత్రాలు లక్షకు పైగా వున్నాయి. యూసుఫ్ హుసేన్ ఖాన్ వాటిలో కొన్నింటిని యేరి 1950లోనూ 1958లోనూ అచ్చు వేయించారు. జె. ఎఫ్. రిచర్డ్స్ అనే అమెరికన్ యిక్కడి పత్రాలు చదివి గోల్కొండలో మొగలుల పాలన మీద 1975లో పుస్తకం తెచ్చారు. ఉస్మానియా ఆవరణలోనే దాయిరతుల్ మఆరిఫ్ వున్నది; 1888లో పుట్టిన ఆ సంస్థ మధ్యయుగపు అరబ్బీ గ్రంథాలను పరిష్కరించి అచ్చువేసి అరబ్బు దేశాలకే పంపింది. గచ్చిబౌలిలో మౌలానా ఆజాద్ వుర్దూ విశ్వవిద్యాలయంలో షేర్వాణీ పేరిట దక్కన్ అధ్యయన కేంద్రం కూడా వున్నది. లేనిది ఆధారం కాదు. వాటిని చదవగలిగే విద్యార్థి లేడు, అతణ్ణి తయారుచేయాలన్న తలంపు లేదు.

భాష సంగతి యింకా నిష్ఠురంగా చెప్పాలి. ఫార్సీ ముక్క రాకుండా మధ్యయుగ దక్కన్ మీద సిద్ధాంత వ్యాసాలు యెలా తయారవుతున్నాయి? 1867–77 నడుమ యిలియట్, డౌసన్ అచ్చువేసిన యెనిమిది సంపుటాల యింగ్లీషు అనువాదాలనుంచి తయారవుతున్నాయి. ముస్లిం ప్రభువుల దౌర్జన్యంనుంచి మిమ్మల్ని రక్షించింది మేమే అని నిరూపించడానికి తెల్లదొర యేరిపెట్టిన ముక్కలవి. ఆ సంగతి యిలియట్ తన వుపోద్ఘాతంలో దాచుకోలేదు కూడా. భారత చరిత్రను హిందూ, మహమ్మదీయ, బ్రిటిషు యుగాలుగా 1817లో కోసిపెట్టినవాడు జేమ్స్ మిల్. మిల్ కత్తి, యిలియట్ పళ్ళెం. మన విభాగాల్లో భోజనం యిప్పటికీ యిదే. మరోవైపు ఫార్సీ వచ్చినవారికి తెలుగు కైఫీయతులు అక్కరలేదు, తెలుగు వచ్చినవారికి దక్కనీ అక్కరలేదు. ఫార్సీ, తెలుగు రెండు భాషల్లోనూ ఫర్మానాలు రాయించిన కుతుబ్‌షాహీల రాజ్యాన్ని సగం నాలుకతో చదువుతున్నారు.

యిలా చదివినందువల్ల రెండు రకాల అబద్ధాలు బలుస్తున్నాయి. మొదటిది, మధ్యయుగమంటే విదేశీయుల చీకటి యుగం అనేది. 2022లో జాతీయ విద్యా పరిశోధన మండలి పన్నెండో తరగతి చరిత్రలోనుంచి మొగలు దర్బారుల పాఠాన్ని తీసేసింది. 2025లో వచ్చిన యేడో తరగతి కొత్త పుస్తకంలో ఢిల్లీ సుల్తానులూ లేరు, మొగలులూ లేరు. అదే యేడు వచ్చిన యెనిమిదో తరగతి పుస్తకంలో వారిని పెట్టి, పక్కన చరిత్రలోని చీకటి కాలాల గురించి ఒక హెచ్చరిక పెట్టారు. పాఠం చించినవాడి చెయ్యి రేపు యింటి తలుపు దగ్గరికి వస్తుంది. పుస్తకంలో విదేశీయుడైనవాడు పేటలో స్వదేశీయుడుగా యెంతకాలం వుండగలడు? బార్కస్‌వారికి యిది కొత్త అనుభవం కాదు. 1948 సెప్టెంబరు తర్వాత అరబ్బులను పెద్ద యెత్తున నిర్బంధించారు. కొందరిని ఓడలెక్కించి పంపేశారు. యిక్కడే పుట్టి, యిక్కడే పెరిగి, యిక్కడి తల్లికి కొడుకైనవాడు కూడా తాను యెవరో కాగితంతో నిరూపించుకోవలసి వచ్చింది.

‘పరాయి’ అనే యీ మాట దక్కన్‌లో పాతదే. బహమనీ రాజ్యంలో ప్రభువర్గం రెండు ముఠాలుగా చీలింది. యిక్కడ స్థిరపడినవారు దక్కనీలు, సముద్రం దాటి కొత్తగా వచ్చినవారు ఆఫాకీలు. ఆఫాకీలకే ఘరీబులు అని మరో పేరు. పరదేశి అని దాని అర్థం. బీదరులో 1472లో మదరసా కట్టించిన మహమూద్ గవాన్ అటువంటి పరదేశి. 1481లో ముఠా కుట్రకు తల పోగొట్టుకున్నాడు. అక్కడ కొట్లాట మతానిది కాదు, యిద్దరిదీ ఒకే మతం. జాగీర్లకోసం, పదవులకోసం జరిగిన కొట్లాట అది. కాలం గడిచింది. పరదేశి అన్న అర్థం రాలిపోయి గరీబు అంటే బీదవాడు అయింది. యీనాడు తెలంగాణలో తెలుగువాడు కూడా ఆ మాట అదే అర్థంలో వాడతాడు. మాట మారినంత సులువుగా మన పండితుల బుద్ధి మారలేదు. బార్కస్‌లో వున్నవాణ్ణి వారు యింకా పాత అర్థంలోనే చూస్తున్నారు, అతను కొత్త అర్థంలో బతుకుతున్నాడు.

రెండో అబద్ధం మరింత మర్యాదగా వుంటుంది గనుక మనవాళ్ళు కూడా దానికి తల వూపుతారు. గంగా జమునా సంస్కృతి, కవులను ఆదరించిన మల్కిభరాముడు, అత్తరులూ ముత్యాలూ. యిబ్రహీం కుతుబ్‌షా (1550–1580) తెలుగు కవులను ఆదరించాడు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానం ఆయనకు అంకితమిచ్చాడు. అమీన్ ఖానుకు అంకితమైన పొన్నగంటి తెలగన యయాతి చరిత్ర మొట్టమొదటి అచ్చతెలుగు కావ్యం. యివన్నీ నిజం, మతోన్మాది ముఖం మీద కొట్టి చెప్పవలసిన నిజాలు. కాని అక్కడితో ఆగేవాడు సగం చెప్పి నోరు మూసుకున్నట్టే. ఆ రాజ్యంలో 1618–22 నడుమ మచిలీపట్నంలో వున్న విలియం మెథ్‌వోల్డ్ యేమని రాశాడు? పరగణాల అధికారాన్ని యేటేటా వేలం వేసేవారనీ, పాడినవాడు రైతును పిండి ఆ సొమ్ము రాబట్టేవాడనీ, బాకీపడ్డవాడి వొంటిమీద బెత్తాలు ఆడేవనీ రాశాడు. తర్వాత కొల్లూరు వజ్రాల గనిని చూసిన టావెర్నియే, అక్కడ ఆడా మగా పిల్లలూ కలిసి సుమారు 60,000 మంది పనిచేస్తున్నారన్నాడు. ముత్యాల సంస్కృతిని పొగిడే వ్యాసాలలో ఆ అరవై వేలమంది యెందుకు లేరు? వజ్రం పేరు అందరికీ తెలుసు. తట్టమోసిన పిల్ల పేరు యెవరికీ అక్కరలేదు.

‘అయితే నీవు బార్కస్‌ను వెనకేసుకొస్తున్నావా, నిందిస్తున్నావా?’ అని ఒక మిత్రుడు అడిగాడు. పేటను మొత్తంగా నిందించడమో, మొత్తంగా వెనకేసుకురావడమో చేసేది మతవాది పద్ధతి. మన పద్ధతి అది కాదు. జమాదారు దోచుకున్నాడు, ఆ మాట మెత్తగా చెప్పవలసిన అవసరం లేదు. షాహుకారు వాకిటా, దేశ్‌ముఖు గడీ ముందూ కాపలా కాసిన అరబ్బులను చూసి పల్లె భయపడింది, అదీ దాచనక్కరలేదు. అయితే జమాదారు సుల్తాను అయ్యాడు, సిపాయి బారకాసులోనే మిగిలాడు. ఒక పేటలోనే రెండు వర్గాలు. విసునూరు దేశ్‌ముఖు హిందువు, అతని భూమిదాహానికి యెదురు నిలిచి హతుడైన షేక్ బందగీ ముస్లిము, పైన కూర్చున్న ప్రభువు ముస్లిము. యీ లెక్క మతంతో తేలదు, వర్గంతోనే తేలుతుంది. రజాకార్ల దౌర్జన్యాన్ని ఖండించినందుకు 1948 ఆగస్టులో ప్రాణం యిచ్చిన సంపాదకుడు షోయబుల్లాఖాన్. యీ పేర్లు మన వేదికల మీద వినిపిస్తాయి. పరిశోధన పట్టికల్లో కనిపించవు.

వర్తమానం యీ లెక్కను మరింత స్పష్టం చేసింది. 1970ల్లో చమురు ధరలు పెరిగి గల్ఫు దేశాలు కూలీలను పిలిచాయి. తాతలు రొట్టెకోసం అరేబియానుంచి తెలంగాణకు వచ్చారు. మనుమలు రొట్టెకోసం బార్కస్‌నుంచి అరేబియాకు పోయారు. కరీంనగరునుంచి, నిజామాబాదునుంచి రైతుబిడ్డలూ అక్కడికే పోయారు. ఒకనాడు శిస్తు కట్టినవాడి మనుమడూ, ఆ శిస్తుమీద జీతం తిన్నవాడి మనుమడూ యివాళ ఒకే యెడారిలో కూలికి నిలబడ్డారు. వీరిద్దరికీ తమ తాతల సంబంధం యేమిటో చెప్పేవారు లేరు. చెప్పేవారు లేరు గనుకనే, తిరిగి వూరికి వచ్చాక ఒకడికి ఒక జెండా, మరొకడికి మరొక జెండా పట్టించి కొట్లాడించడం అంత తేలికవుతున్నది.

నేను అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. మధ్యయుగ దక్కన్ మీద పని చేయదలచిన ప్రతి విద్యార్థికీ రెండేళ్ళపాటు ఫార్సీ చెప్పండి. తెలుగు కైఫీయతులు, దక్కనీ రచనలు చదవడం నేర్పండి. పేపరు హద్దును రాజు చావుతో కాక భూమి సంబంధంతో గీయండి. జాగీరు యెక్కడిదాకా నిలిచిందో అక్కడిదాకా చదవనివ్వండి. 1956లో కోశాంబీ, 1963లో యిర్ఫాన్ హబీబ్, 1965లో ఆర్. ఎస్. శర్మ చూపిన దారి అదే. దున్నేవాడి మీదుగా రాజును చూడటం. సురవరం ప్రతాపరెడ్డి 1949లోనే యే విశ్వవిద్యాలయ విభాగమూ వెనక లేకుండా ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసి చూపాడు. ప్రజల తిండీ, బట్టా, ఆటా, పాటా చరిత్రే అన్నాడు. ఆ గ్రంథానికి బహుమతి యిచ్చి బీరువాలో పెట్టాము, పద్ధతి మాత్రం పుచ్చుకోలేదు.

బార్కస్ యిళ్ళలో జీతపు చీటీలు, అప్పుపత్రాలు, హద్రమౌత్‌నుంచి వచ్చిన జాబులు, వంశావళులు వుంటాయి. కాగితం చెదలకు యుగవిభజన తెలియదు. ముసలివారు పోతే వారి నోటిలోని చరిత్ర వారితోనే పోతుంది. వాటిని నకలు తీసి, అటు తెలంగాణ పల్లెల శిస్తు లెక్కల పక్కన పెట్టి చదవాలి. ఆ పని బార్కస్ పిల్లలూ, నల్లగొండ పిల్లలూ ఒకే బల్ల మీద కూర్చుని చేయాలి. జమాదారు పద్దులో జమ అయిన రూపాయి యే వూరి యే రైతు గోచినుంచి వచ్చిందో వారిద్దరూ కలిసి వెతికిననాడు మధ్యయుగం అంటే యేమిటో మన విశ్వవిద్యాలయానికి మొదటిసారిగా తెలుస్తుంది. దానికి నిధులు లేవని యెవరైనా అంటే, దేవాలయాల కొలతలకూ దర్బారుల వైభవానికీ దొరికిన నిధులు యెక్కడివని విద్యార్థులు అడగాలి. అడగడం మొదలుపెట్టవలసిన చోటు సదస్సు కాదు, తరగతి గది.